నక్షత్రం పెట్టిన అట్టలు

మొన్న వార్డు సచివాలయం నుంచి ఒక పిల్ల వచ్చింది, చేతిలో పెద్ద ఫోను పట్టుకొని. ఏ ఇంట్లో ఎవరు ఏం పని చేస్తాండారో ఎక్కించుకుంటాండాది. నా వంతు వచ్చినప్పుడు, "అవ్వా, నువ్వు మునుపు ఏం పని చేసినావు?" అని అడిగింది.

"దారం గుచ్చే పని," అన్నా.

"పూలదా?"

"కాదు, మాటలది."

ఆ పిల్ల ఫోనులో పైకీ కిందికీ వెతికింది. అట్లాంటి పని దాంట్లో లేదంట. "కూలి అని ఎక్కిస్తా అవ్వా," అనింది. ఎక్కించుకోమన్నా. అది అబద్ధమేమీ కాదు. దినామూ పొద్దున పోయినా, పొద్దు గుంకేలోపల వచ్చినా, చేసిన పనికి కూలి తీసుకున్నా. కానీ ఆ పిల్ల పోయినాక మనసు ఒక తావున నిలవలేదు. అందుకని ఇది రాస్తాండా. నేను చదివింది నాలుగో తరగతి. వాక్యం అటూ ఇటూ అయితే మీరే సర్దుకోండి. చదువుకున్నవాళ్లు మీరు.

నేను శనక్కాయలు ఒలిచినా, బండల ఫ్యాక్టరీలో నీళ్లు పోసినా, పెండ్లిండ్లలో గిన్నెలు తోమినా. వాటిని గురించి చెప్పేదానికి ఏమీ లేదు. చెప్పాల్సింది ఒక్కటే ఉండాది.

రాష్ట్రం రెండుగా విడిపోయిన మరుసటి ఏడు నేను సింహాద్రిపురం పక్కనుంచి ప్రొద్దుటూరికి వచ్చినా. ఒక సారు ఇంట్లో వంటకూ అంట్లకూ మనిషి కావాలంటే కుదురుకున్నా. ఆ సారు పులివెందులలో పిల్లకాయలకు ఉర్దూ, ఫార్సీ చెప్పి రిటైరు అయినాడు. పెండ్లి చేసుకోలేదు. ఇంట్లో ఆయన, ఆయన అక్క, అంతే. ఆమెను వీధి వీధంతా ఆపా అని పిలిచేవాళ్లు, నేనూ అట్లే పిలిచినా. ఆపా మొగుడు చిన్నవయసులోనే పోయినాడు. ఆమె చీరలకు జరీపూలు కుట్టి, ఆ కూలితో తమ్ముణ్ణి చదివించింది. నేను పోయేనాటికే ఆమెకు చూపు శానా తగ్గిపోయింది. పెద్ద అక్షరాలయితే ముక్కు దగ్గర పెట్టుకొని కూడబలుక్కునేది.

సారు నడవలో ఒక బల్ల వేసుకొని పొద్దస్తమానం అట్ట ముక్కల మీద రాసుకుంటా ఉండేవాడు. వెదురు కలం, సిరా బుడ్డి. ఆ అట్టలు కొత్తవి కొనుక్కొచ్చి, కత్తిరించి వాడేవాడు. నాకు కడుపు మండేది. ప్రొద్దుటూరు బట్టలంగళ్లలో చీర మడతల మధ్య పెట్టే అట్టలు కుప్పలు కుప్పలు పారేస్తారు. ఒకపక్క తెల్లగా, గట్టిగా ఉంటాయి. ఒకనాడు ఒక మోపు కట్టుకొని తెచ్చి బల్ల మీద పెట్టినా.

"ఇవి చూడండి సారూ. ఊరికే వచ్చేదాన్ని కొంటారా ఎవురన్నా?"

ఆయన ఒకదాని మీద రాసి, ఊదుకొని, ఎండేదాకా చూసినాడు. "సిరా బాగా పడతాండాదమ్మా," అన్నాడు. మరుసటి నాటినుంచి వంట అయినాక నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

ఆ పని ఏందో చెప్తా. ఇప్పుడు ఇరాన్ అనే దేశానికి ఉత్తరం పక్క తావుల్లో వేల ఏండ్ల కింద మనుషులు ఒక భాష మాట్లాడినారు. ఆ భాషను ఎవరూ రాసిపెట్టలేదు. అది చచ్చిపోయింది గానీ బిడ్డల్ని కనిపోయింది. ఆ బిడ్డలు ఫార్సీ, కుర్దు, బలూచీ, పస్తో, ఇంకా పేరు నోరు తిరగని కొండల భాషలు. బిడ్డల ముఖాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసి, తల్లి ముక్కు ఎట్లుండెనో, కండ్లు ఎట్లుండెనో గీయాల. సారు చేసేది అదే, అదీ ఒక్క క్రియలకే. కట్టడం, మోయడం, వంగడం, కుట్టడం. మనిషి చేతులతో, నడుముతో చేసే పనుల మాటలు తొందరగా చావవు అనేవాడు.

ఒక్కొక్క తల్లి మాటకు ఒక్కొక్క దారం. మొదట తల్లి అట్ట, దాని కింద వరసగా బిడ్డల అట్టలు. నేను బొంతసూదితో చిల్లి పొడిచి, నూలుదారం గుచ్చి, తల్లి దగ్గర రెండు ముళ్లు, బిడ్డ దగ్గర ఒక ముడి వేసి, నడవ గోడ మేకులకు తగిలించేదాన్ని. మాటలు ఫార్సీ అక్షరాల్లో ఉండేవి, నాకు రావు. అందుకని అట్ట మూలకు తెలుగులో పెన్సిలుతో ఏ భాషో చిన్నగా రాసేవాడు, వరస తప్పకుండా. తల్లి అట్ట మీద మాటకు ముందు ఒక నక్షత్రం ఉంటాది. అది ఉంటే, ఈ మాటను ఎవరూ వినలేదు, ఎవరూ రాయలేదు, బిడ్డల్ని చూసి మనం ఊహించింది అని అర్థం. ఆ నక్షత్రం పెట్టే పని నాకిచ్చినాడు. నేనూ పెన్సిలుతోనే పెట్టేదాన్ని.

మొదటిసారి ఆయన నాకు విడమరిచి చెప్పింది వంగడం అనే దారం. "నమాజు అంటాం గదా అమ్మా, అది ఈ తల్లి బిడ్డ. మీరు నమస్కారం అంటారే, అది ఈమెకు పెదనాన్న కూతురు వరస." ఇంకొకనాడు మోయడం అనే దారం చూపించి, ఆపా దువాలో, అంటే ప్రార్థనలో, పరవర్దిగార్ అనేది ఈడనుంచే వచ్చిందని, మోసేవాడు, సాకేవాడు అని చెప్పినాడు. కట్టడం దారంలో బందోబస్తూ ఉండె, దేవునికి ఊడిగం అనే బందగీ ఉండె. పోలీసోళ్ల మాటా దేవుని మాటా ఒకే దారానికి గుచ్చుతాండామే అని నాకు నవ్వొచ్చింది. నేను ఊరికే నవ్వే మనిషిని కాదు.

పుస్తకాల్లో ఉండేవి చాలవని, బతికుండే మనుషుల నోట్లో ఏం మిగిలిందో వినాలని సారు ఊర్లు తిరిగేవాడు. కండ్లు మసక, బస్సు బోర్డు కనపడదు. అందుకని నేనూ పోయేదాన్ని, సద్ది కట్టుకొని. హోటల్లో తినేదానికి నేను ఒప్పుకోను. పులివెందులలో ఒక ముసలి దర్జీ దగ్గర కూర్చున్నాం. సారు ఆయన్ను, దారం తెగితే ఏమంటారు, బిగిస్తే ఏమంటారు అని ఒకటే అడుగుతాండాడు.

"నువ్వు చొక్కా కుట్టించుకునేదానికి వచ్చినావా, మాటలు కుట్టించుకునేదానికా మామా?" అన్నాడు దర్జీ.

"నీ పేరే నాకు కావాల. దర్జీ అనే మాటకు తాతలుండారు. గట్టిగా బిగించడం అని అర్థం."

"తాతలుంటే ఏం లాభం మామా. రెడీమేడు అంగడి వచ్చినాక నన్ను అడిగే నాయనే లేడు."

పక్కన కూర్చున్నోళ్లంతా నవ్వినారు. సారు మాత్రం అది కూడా రాసుకున్నాడు.

అన్నిటికన్నా ముఖ్యం జమ్మలమడుగులో ఒక ముసలామె. కండ్లద్దాలు, కత్తులు ఊరూరా తిరిగి అమ్మే ఇరానీ గుంపులో ఆమె. బస్టాండు వెనక గుడిసె. వాళ్ల పెద్దలు ఎప్పుడో ఆ దేశంనుంచి వచ్చినోళ్లు. ఇంట్లో మాట్లాడే మాట ఇంకా కొంచెం మిగిలి ఉండె, అదీ ఆమె నోట్లోనే. సారు నెలకొకసారి పోయి ఆమె ముందర కూర్చునేవాడు. ఆమెకు సారు అంటే రవంత గేలి.

"నా మాటలు ఎత్తకపోయి ఏం చేసుకుంటావు?" అని అడిగింది ఒకనాడు.

"దాచిపెడతా."

"నా మనవళ్లు వద్దంటాండారు. నువ్వు దాచి ఎవురికిస్తావు?"

"పుస్తకంలో పెడతా. పుస్తకంలో ఉంటే ఎవురో ఒకరు వస్తారు."

"అయితే మంచిగా చెప్తా, రాసుకో. తప్పు రాసినావంటే సచ్చినాక వచ్చి పట్టుకుంటా," అని, నీళ్లు తోడుతా తోడేదానికేమంటారో, మూట విప్పుతా విప్పేదానికేమంటారో చెప్పింది. ఆ వేసవిలోనే ఆమె పోయింది. ఆమె చెప్పిన మాటల అట్టలకు సారు మూలకు ఒక చిన్న గీత గీయించినాడు, ఇవి వేరే అని. ఫార్సీలో కూడా చెరిగిపోయిన పాత పోకడలు ఆమె నోట్లో ఉండెనంట. నాకు తెలిసింది ఒకటే. ఆ గీత గీసిన దారాలు మేకు నుంచి తీసేటప్పుడు సారు రెండు చేతులతో తీసేవాడు.

హైదరాబాదునుంచి ఒక ప్రొఫెసరమ్మ ఫోను చేస్తాండె. "ఉన్నది ఉన్నట్టు పంపండి సార్, లేకుంటే మీ ఇంట్లో పనిచేసే ఆమెతో ఫోనులో ఫోటోలన్నా తీయించండి, మేం అచ్చు వేస్తాం," అని బతిమాలేది. ఈయన వినడు. కొన్నింట్లో తప్పులున్నాయి, కంటి ఆపరేషన్ అయినాక దిద్ది పంపుతా అనేవాడు. "తప్పుతో ఫోటో దిగితే ఆ తప్పే నిలబడిపోతాదమ్మా" అని నాతో అన్నాడు. సరే, పెద్ద చదువు చదివినాయన, ఆయన పని ఆయనకు తెలుసు అనుకున్నా.

ఇంకొక సంగతి చెప్పాల. తమ్ముడు ఏం రాస్తాండాడో ఆపాకు సరిగ్గా తెలియదు. చిన్నప్పుడు ఆయన్ను చదివించింది పెద్ద మౌల్వీ అవుతాడని. కాలేదు. ఏం రాస్తాండావురా అని ఆమె అడిగినప్పుడు, "మన మాటల సంగతి ఆపా" అనేవాడు. ఆమె దాన్ని దీన్ సంగతి, అంటే మతం సంగతి అనుకునింది. ఆయన కాదని చెప్పలేదు. సాయంత్రం నమాజు అయినాక ఆమె మంచం మీదనుంచి అడిగేది, "ఈ పొద్దు ఎంత అయింది బాబూ?" అని. "నాలుగు దారాలు ఆపా" అంటే, "అల్లా ఖబూల్ చేయనీ" అనేది, దేవుడు ఒప్పుకోనీ అని. గుచ్చింది అంటే అయిపోయింది అని ఆమె లెక్క. గుచ్చని అట్ట ఇంకా కానిది. మేం గుచ్చినాక కూడా మళ్లా విప్పి, మార్చి, మళ్లా గుచ్చుతామని ఆమెకు తెలియదు.

రంజానుకు ముందర సున్నం కొట్టించే పని వచ్చింది. అదే అదనులో సారుకు జమ్మలమడుగులో కంటి ఆపరేషన్ కుదిరింది. పోయేముందు, విడి అట్టలు ఎగిరిపోకుండా అన్నీ గుచ్చిపెట్టమన్నాడు. గుచ్చినా. మేకులనుంచి దారాలన్నీ తీసి, రెండు గంపల్లో పెట్టి, మీద గుడ్డ కప్పి, నడవలో నేలమీద పెట్టినాం. సున్నమోళ్లకు గోడలు కావాల గదా.

ఆపరేషన్ బాగానే అయింది. కంటికి గుడ్డ కట్టి పండుకోబెట్టినారు. మరుసటి దినం పొద్దున నేను టీ కోసరం ఆసుపత్రి గేటు బయటికి వస్తే, మా వీధి మసీదు చూసుకునే పెద్దాయన ఆటోలో పోతా నన్ను చూసి ఆపించినాడు.

"సారుకెట్లుండాది మ్మా?"

"బాగుండాడు. నువ్వు యాడికి పోతాండావన్నా?"

"ఏటికి. మసీదులో పాత కాగితాలు చేరినాయి. పండగకు ముందరే నీళ్లలో ఇడిస్తే ఒక పని అయిపోతాది. మన ఊరి దగ్గర ఏట్లో ఇసకే గదా, ఈడ వంతెన కింద మడుగు ఉండాది."

ఆటోలో రెండు గోనెసంచులు. మీద తెల్లగుడ్డ కట్టి, అత్తరు వాసన వస్తాండె. ఆ పద్ధతి మీకు తెలియకపోతే చెప్తా. దేవుని పేరుండే కాగితం చినిగినా దాన్ని చెత్తలో వేయరు, కాల్చరు, కాలికింద పడనీయరు. మసీదులో ఒక డబ్బాలో వేస్తే, అది నిండినాక పారే నీళ్లలోనో, లోతు నీళ్లలోనో రాయి కట్టి మర్యాదగా విడుస్తారు. మంచి పద్ధతి. మంచి పని చేస్తాండావు, పోయి రా అన్నా. అత్తరు వాసన పోయేదాకా నిలబడి, టీ తీసుకొని లోపలికి పోయినా.

సాయంత్రం బస్సులో ఇల్లు చేరినాం. ఇల్లంతా తెల్లగా మెరుస్తాండె. ఆపా గడపలోనే నిలబడుకొని, తమ్ముని తల రెండుచేతులా నిమిరి, లోపలికి పిలుచుకపోయింది. ఆమెకు ఒళ్లంతా సంతోషం.

"నీ పని అంతా ఒద్దికగా చేసిపెట్టినా బాబూ. సున్నమోళ్లు చెప్పుల కాళ్లతో ఆ గంపల పక్కనే తిరుగుతాండారు. గుడ్డ తీసి చూస్తే, మొదట దారంలోనే నమాజు అని ఉండాది. ఇంకోదాంట్లో పరవర్దిగార్. నాకు గుండె జల్లుమనింది. నేలమీద పెడతారా వాటిని? అన్నీ గుచ్చేసినవే గదా, అయిపోయినవే గదా. మసీదు పెద్దాయన పోతాండాడంటే, నేనే నా చేతులతో గుడ్డలో చుట్టి, అత్తరు పూసి పంపించినా. నీ ముప్పై ఏండ్ల పని పాక్ నీళ్లలో, శుద్ధమైన నీళ్లలో ఉండాది ఇప్పుడు. ఎవురి కాలూ తగలదు."

నేను చేతిలో సంచి కింద పెట్టలేదు. నోరు తెరిచినా. ఏమని తెరిచినానో, ఏం అందామనుకున్నానో చెప్పను, మంచి మాట అయితే కాదు.

సారు నా పక్కకు తిరగలేదు. ఒక కన్నుకు గుడ్డ, ఇంకో కన్నుతో ఆ ఖాళీ మేకుల వైపు చూస్తాండాడు. "మంచి పని చేసినావు ఆపా," అన్నాడు. తర్వాత, "నీళ్లు తీసుకరా అమ్మా," అన్నాడు నాతో. తెచ్చిస్తే తాగలేదు. చెంబు పట్టుకొని కూర్చున్నాడు.

నేను ఇంటికి పోయేటప్పుడు వాకిట్లోకి వచ్చినాడు. "ఆమెకు చెప్పొద్దు," అన్నాడు.

"చెప్పకపోతే ఎట్ల సారూ? ఆమె తెలియక చేసింది. చెప్తే అర్థం చేసుకుంటాది."

"అర్థం చేసుకుంటాది. అదే వద్దనేది. తెలియక చేసింది తెలిసినాక మోసేది ఎవురు? ఆ వయసులో ఆమె మోయాల్నా? నన్ను చదివించేదానికి కండ్లు పోగొట్టుకున్న మనిషి."

నాకు ఆ మాట నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా నచ్చలేదు.

మరుసటి దినం మొదటి బస్సుకు జమ్మలమడుగు పోయినా. వంతెన కింద చేపలు పట్టే ఒకాయన పుట్టి తిప్పుకుంటా ఉండాడు. సంచులు యాడ విడిచినారో చూసినావా అన్నా. చూసినా అన్నాడు.

"ఏందమ్మా, దాంట్లో బంగారం ఏమన్నా పడిందా?"

"అట్టలు."

"అట్టల కోసరమా నన్ను నీళ్లలోకి దిగమంటాండావు?"

"దిగప్పా. నీ కూలి నీకిస్తా."

ఒక సంచి దొరికింది. రెండోది రాయి బరువుకు బురదలో దిగబడిందో, కొట్టకపోయిందో, తెలియలేదు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా వెతికించినా. దొరికిన సంచిలోని కాగితాల్లో మసీదువి మసీదువిగా వేరు చేసి, తెల్లగుడ్డలోనే మళ్లా చుట్టి నీళ్లలోకి విడిచినా. అవి నావి కావు. దారాలు మాత్రం తీసుకున్నా. నీళ్లు తాగి అట్టలు రొట్టెల మాదిరి ఉబ్బినాయి, సగానికి సగం చేతిలోనే గుజ్జయినాయి. గీత గీసినవి, ఆ ఇరానీ ముసలామెవి, ఆ సంచిలో ఒక్కటి కూడా లేవు. అవి రెండో సంచిలోవి.

ఆపా కంట పడకూడదని నేనుండే గది మిద్దె మీద బట్టలు ఆరేసే తీగకు కట్టి ఎండబెట్టినా. కింద ఇంటామె వచ్చి చూసి, "ఏం మే, వడియాలా?" అనింది. అవునన్నా.

ఎండినాక చూస్తే అట్టలు తెల్లగా ఉండాయి. వెదురు కలం సిరా అంతా నీళ్లు ఎత్తకపోయినాయి. పెన్సిలు మాత్రం నిలిచింది. మూలల్లో ఫార్సీ, కుర్దు, బలూచీ అని భాషల పేర్లు అట్లే ఉండాయి. పెండ్లి పందిట్లో విస్తళ్లు వేసినాక జనం లేచిపోయినట్లు, కూర్చునే తావులున్నాయి, కూర్చునేవాళ్లు లేరు. తల్లి అట్టల మీద నేను పెట్టిన నక్షత్రాలున్నాయి. నక్షత్రం పక్కన ఏమీ లేదు.

గుడ్డలో కట్టి తీసుకపోయి, ఆపా నిద్రపోయినప్పుడు సారు ఒళ్లో పెట్టినా. ఆయన ఒక్కొక్క ముడీ వేళ్లతో తడిమినాడు.

"ఏం మిగిలిందమ్మా?"

"పెన్సిలుతో రాసినవి."

"గీత గీసినవి?"

"దొరకలేదు సారూ."

దారాలు మళ్లా గుడ్డలో చుట్టినాడు. "పుస్తకాల్లోవి మళ్లా వెతకొచ్చు, ఇంకో ముప్పై ఏండ్లు ఉంటే," అన్నాడు చివరికి. "ఆమె మాత్రం పట్టుకుంటానని చెప్పింది." ఆయన నవ్వుతాండాడేమో అని చూసినా. నవ్వడంలేదు.

కొన్ని దినాలు మళ్లా మొదలుపెట్టినాడు. బాగయిన కంటితో నాలుగు అట్టలు రాస్తే, షుగరు జబ్బుతో ఇంకో కంట్లో నీళ్లు దిగి చూపు మసకబారింది. అడిగి తెచ్చి చూసిన పుస్తకాలు ఎప్పుడో ఎవరివి వాళ్లకు ఇచ్చేసినాడు. రాసింది తానే నమ్మలేక చింపేసేవాడు. ఒకనాడు సిరా బుడ్డి మూత పెట్టేసి పక్కకు జరిపినాడు.

ఆ సాయంత్రం ఆపా మంచంమీదనుంచి అడిగింది. "కలం చప్పుడు వినపడలేదే బాబూ ఈ పొద్దు?"

మరుసటినాటి నుంచి ఆయన సిరా లేకుండా రాసినాడు.

మీకు ఇది నమ్మకం కుదరకపోవచ్చు. ఎండిన కలం పట్టుకొని, తెల్ల అట్ట మీద కుడినుంచి ఎడమకు గీరుతా ఉండేవాడు. ఆ గీరు చప్పుడు లోపలి గదికి వినపడాల, అంతే. నేను ఆ తెల్ల అట్టలకే చిల్లి పొడిచి, తల్లికి రెండు ముళ్లు, బిడ్డకు ఒక ముడి వేసి, మేకులకు తగిలించేదాన్ని. ఆపా ఎప్పుడన్నా గోడ పట్టుకొని వచ్చి చేత్తో తడిమితే దారాలు తగలాల గదా. వారం అయినాక వాటినే విప్పి మళ్లా గుచ్చేదాన్ని. కొత్త అట్టలు దండగ చేసేదానికి నాకు చేతులు రాలేదు.

నాకు కోపంగా ఉండేది. పని చేస్తే పని చేయాల, లేకుంటే ఊరికే ఉండాల. చేసినట్లు చేసేదానికి కూలి తీసుకోవడం నాకు అలవాటు లేదు. ఒకరోజు చెప్పేసినా. "సారూ, ఈ గుచ్చేది మానేసి ఇంట్లో ఇంకేదన్నా పని చెప్పండి. గోడలన్నా తోముతా."

"ఇది కూడా పనేనమ్మా," అన్నాడు. "అన్నిటికన్నా కష్టమైంది నీకు ఇచ్చినాను, అంతే."

అది ఏండ్లు నడిచింది. కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆపాకు జ్వరం పట్టుకునింది. ఆసుపత్రికి ఒప్పుకోలేదు. ఆఖరి సాయంత్రం కూడా నోరెండిపోతా అడిగింది, "ఈ పొద్దు ఎంత అయింది బాబూ?"

"అయిపోయింది ఆపా," అన్నాడు సారు. "మొత్తం అయిపోయింది."

"గుచ్చేసినారా?"

ఆయన నా వైపు చూసినాడు. నేను చెప్పినా, "గుచ్చేసినాం ఆపా."

"అల్లా ఖబూల్ చేయనీ," అనింది. తెల్లారేసరికి లేదు. జనాజా మోసేదానికి నలుగురు దొరకడం కష్టమయింది.

నలభై దినాలు గడిచినాక కూడా సారు కలం ముట్టలేదు. ఇప్పుడు దాచేదానికి ఎవరూ లేరు గదా, గుర్తున్నంతవరకు చెప్పండి, మా మనవరాలితో తెలుగులో రాయిస్తా అన్నా. తల అడ్డంగా ఊపినాడు. సగం గుర్తున్నది అచ్చు వేస్తే అది అబద్ధం అవుతాదంట. అదే మనిషి ఏండ్లపాటు అక్కకు దినామూ అబద్ధం చెప్పినాడు. ఆ అబద్ధం చెప్పగలిగినాయన ఈ తప్పు మాత్రం చేయలేకపోయినాడు. మీలో ఎవరన్నా చదువు పనుల్లో ఉంటే నేను చెప్పేది ఒకటే. తప్పులుంటే తప్పులతోనే పంపండి. దిద్దేవాళ్లు తర్వాత వస్తారు. లేనిదాన్ని ఎవరూ దిద్దలేరు.

మరుసటి ఏడు ఆ ప్రొఫెసరమ్మ కారు చేసుకొని వచ్చింది. మిగిలిన అట్టలు నేనే ముందర పెట్టినా. ఒక్కొక్కటి వెలుతురుకు ఎత్తి చూసింది. "ఏమయింది వీటికి?" అని అడిగింది.

సారు గోడకు ఆనుకొని కూర్చోనుండాడు. "మిద్దె కారింది," అని నేనే చెప్పినా.

ఆమె నక్షత్రం ఉండే అట్ట ఒకటి సారు చేతికిచ్చి, "ఇది ఏ క్రియ సార్? అదన్నా చెప్పండి," అనింది. ఆయన ముళ్లు తడిమినాడు. కింద ఎన్ని బిడ్డలున్నాయో వేళ్లతో దిగిచూసినాడు. ఆయనకు తెలుసని నాకు తెలుసు. "వయసయిందమ్మా," అని తిరిగి ఇచ్చేసినాడు. ఆమె కారెక్కేటప్పుడు నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుండాది. ఇంటి మిద్దె బాగుచేయించుకోలేకపోయినారా అన్నట్లు చూసింది. చూసుకోనీ అనుకున్నా.

ఆ చలికాలం సారు కూడా పోయినాడు. ఇల్లు ఎవరో దూరపు చుట్టాలకు పోయింది. అట్టలు వాళ్లు పారేయబోతే నేను అడిగి తెచ్చుకున్నా. తెల్లవి కొన్ని మనవరాలు ఎక్కాలు రాసుకునేదానికి వాడుకునింది. ఇప్పుడు నేను ఇది రాస్తాండేది కూడా వాటి వెనకే. నక్షత్రం ఉండేవి మాత్రం వేరే కట్టిపెట్టినా.

ఆపా పేరు ఏంది, ఏ వీధి, ఏ మసీదు అని మీరు అడుగుతారు. ఆ వీధిలో ఇప్పటికీ ఆమెను తలుచుకొని దువా చేసేవాళ్లుండారు. ఆమె తమ్ముని పని నీళ్లపాలు చేసిందని వాళ్లకు తెలియదు, తెలియాల్సిన పని లేదు. అందుకే ఈ కథలో యాడా ఎవరి పేరూ పెట్టలేదు. వాళ్లిద్దరి పేర్లు ఉండాల్సిన చోట ఒక నక్షత్రం ఉందనుకోండి. దాని పక్కన ఏమీ రాయను.